అప్ప కోసం కొన్న కాఫీ మిషన్

మా వంటింటి గట్టు మీద, మిక్సీ పక్కన, ఒక కాఫీ మిషన్ ఉంది. దాని కింద అందరి ఇళ్ళలో ఉండే గాజు జగ్గు ఉండదు, స్టీలు ఫ్లాస్కు ఉంటుంది. వెనకాల నీళ్ళు పోసి, మధ్యలో జల్లెడలో పొడి వేసి, మీట నొక్కితే డికాక్షన్ చుక్కచుక్కగా ఆ ఫ్లాస్కులోకే దిగుతుంది. మూత బిగిస్తే మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా పొగలు కక్కుతూ ఉంటుంది. మా ఇంటికి వచ్చినవాళ్ళు ఇదెక్కడ కొన్నారండీ, ఎంత బావుందో అంటారు. నాకు మాత్రం దాన్ని చూస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. కాఫీ మిషన్‌ని చూసి తలదించుకునే మనిషి ఈ ఊళ్ళో ఇంకెవరూ ఉండి ఉండరు.

అది మా అప్ప కోసం కొన్నది. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. చేపలమ్ముతుంది. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. మేమిద్దరం ఒకే తల్లికి, సముద్రం ఒడ్డున ఒకే రేకుల ఇంట్లో పుట్టాం. ఈ సంగతి మా అపార్ట్‌మెంట్‌లో మూడేళ్ళపాటు ఎవరికీ తెలియదు. తెలియకుండా నేనే చూసుకున్నాను.

ముందు మిషన్ సంగతి చెప్తాను. అందులో కాస్త నవ్వుకోవడానికైనా ఉంది.

మా ఆయనది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. ఎ షిఫ్టు ఉన్న వారాల్లో తెల్లవారకుండానే బయలుదేరాలి. ఆ వేళప్పుడు లేచి పాలు కాచి కాఫీ కలపడం నా వల్ల కాదని ఒకరోజు గట్టిగా పోట్లాడాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పోట్లాట పడలేక ఆయన ఒక కాఫీ మిషన్ పట్టుకొచ్చారు, గాజు జగ్గుది. మర్నాడు నాకంటే ముందు లేచి, నీళ్ళు పోయాల్సిన చోట రెండు ప్యాకెట్ల పాలు పోసి మీట నొక్కారు. నేను లేచి వచ్చేసరికి గర్వంగా నిలబడి ఉన్నారు.

"నీళ్ళ కాఫీ ఎవడు తాగుతాడే? డైరెక్టుగా పాలే పోసీసినాను" అన్నారు.

మిషన్ లోపలెక్కడో గుడగుడలాడింది. నురగ కక్కింది. తర్వాత చప్పుడు లేదు. వారం రోజులు ఇల్లంతా మాడిన పాల వాసన. ఒకటికి పదిసార్లు వేణ్ణీళ్ళు పోసి తిప్పితే గానీ దారికి రాలేదు. తప్పు మిషన్‌దేనని మా ఆయన ఇప్పటికీ వాదిస్తారు.

ఆ రోజుల్లోనే అప్ప మా కాలనీకి రావడం మొదలుపెట్టింది. మా అపార్ట్‌మెంట్ దువ్వాడ స్టేషన్‌కి వెళ్ళే దారిలో ఉంది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున బోట్ల దగ్గర వేలంపాట పాడుకుని సరుకు తీసుకుని, నలుగురు ఆడవాళ్ళు కలిసి ఒక ఆటో మాట్లాడుకుని, తలో కాలనీలో దిగిపోతారు. అంతకుముందు అప్ప పూర్ణా మార్కెట్ దగ్గర కూర్చునేది. అక్కడ దానికి మంచి బేరమే ఉండేది. అది వదిలేసి ఇంత దూరం ఎందుకంటే, "నీ ఇంటి కాడికొస్తే సేపలూ అమ్ముడుపోతాయి, నిన్నూ సూసినట్టుంటాదే" అంది. నా కోసమే వచ్చిందన్నమాట.

ఎనిమిదిన్నరకి మా ఇంటికి వచ్చేది. ఐసులో చేతులు పెట్టీ పెట్టీ వేళ్ళు తెల్లగా పాలిపోయి, ముడుతలు పడి ఉండేవి. కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ముందు చేతులు కాచుకుని, తర్వాత తాగేది. కాఫీ నాలుక కాలేంత వేడిగా ఉండాలి దానికి. గాజు జగ్గుకి కింద వేడి పళ్ళెం ఉంటుంది కదా, ఐదింటికి దిగిన డికాక్షన్ ఎనిమిదిన్నరదాకా దాని మీద మరిగీ మరిగీ చేదైపోయేది. అప్ప ఒక గుక్క తాగి మొహం చిట్లించేది.

"ఏటే ఇది? రోడ్డుకి తారు కాసినట్టున్నాది" అనేది. అంటూనే తాగేసేది.

ఆ మాటకే స్టీలు ఫ్లాస్కు ఉన్న మిషన్ తెప్పించాను. కింద పళ్ళెం లేదు, మాడటం లేదు. పొద్దున దిగిన కాఫీ దిగినట్టే వేడిగా ఉంటుంది. మొదటిరోజు అప్ప తాగి, ఫ్లాస్కుని అటూ ఇటూ తిప్పి చూసి, "నిప్పు లేకండా ఎలాగుందే ఇంత వేడి?" అని ఆశ్చర్యపోయింది. వంటింట్లో కింద కూర్చుని రెండు గ్లాసులు తాగింది. నేను పక్కనే కూర్చుని ఆఫీసుకి జడ వేసుకుంటున్నాను. అది లేచి నా జడ తనే అల్లింది. దాని చేతుల చేపల వాసన నా జుట్టుకి అంటుకుంది. బస్సులో కూర్చున్నాక ఆ వాసన నాకే తెలిసింది. పక్క సీట్లో ఆవిడ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నా వల్లే పెట్టుకుందో, బయట లారీ పొగ వల్ల పెట్టుకుందో తెలియదు. నా వల్లేనని నేను నిశ్చయం చేసేసుకున్నాను.

అక్కడినుంచి నా బుద్ధి వంకర తిరిగింది.

మర్నాడు అప్ప వచ్చేసరికి జడ వేసేసుకుని ఉన్నాను. ఆ తర్వాతి వారం, వంటిల్లు ఇప్పుడే తుడిచానని చెప్పి, గుమ్మం లోపల పీట వేశాను. అప్ప పీట మీద కూర్చుంది. ఒకరోజు అది గుమ్మంలో బుట్ట దించుతుంటే ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఎదురింట్లో రిటైరైన టీచరమ్మ ఉంటుంది. మంచి మనిషి, ఎవరినీ మీరు తప్ప నువ్వు అనదు. అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఆవిడంటే గౌరవం, నాకైతే ఆవిడ మెప్పు కావాలి. ఎందుకు కావాలో అడిగితే చెప్పలేను. చిన్నప్పుడు బడిలో టీచర్లు నన్ను మెచ్చుకుంటే ఇంటికి పరిగెత్తుకుంటూ వెళ్ళి చెప్పేదాన్ని, ఆ జబ్బు ఇంకా పోలేదు.

"ఎవరండీ ఈవిడ?" అని అడిగింది టీచరమ్మ.

మామూలుగానే అడిగింది. నేను "మా అప్ప అండీ" అని ఉంటే "ఓహో, అలాగా" అని ఉండేది. అంతకంటే ఏమీ జరిగేది కాదని ఇప్పుడు తెలుసు. ఆరోజు నా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"చేపలమ్ముతుందండీ" అన్నాను.

అబద్ధం కాదు. అప్ప చేపలమ్ముతుంది. అలా అని నన్ను నేను సమర్థించుకుంటూ చాలా రోజులు గడిపాను. కానీ ఆ మాట అంటున్నప్పుడు నేను అప్ప వైపు చూడలేదు. చూడలేదంటేనే, ఏం చేస్తున్నానో నాకు తెలుసన్నమాట.

అప్ప బుట్ట మీద గోనెపట్టా తీసి, టీచరమ్మ వైపు తిరిగి, "అవునమ్మా, కానాగంతలున్నాయి, సందువాలున్నాయి. తాజావి. సూడండి, కళ్ళెలా మెరుత్తన్నాయో" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మరి మీకేటి కావాలి, అమ్మగారూ?" అని అడిగింది.

నన్ను మా అప్ప అమ్మగారూ అంది. నేను చందువాలు ఇమ్మన్నాను.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను, నవ్వుతూ చెప్పడానికి ప్రయత్నించాను. ఆయన నవ్వలేదు. ఆయన తండ్రి పోర్టులో కలాసీగా పనిచేశాడు. మల్కాపురంలో రెండు గదుల ఇంట్లో ఏడుగురు పెరిగారు. ఆ సంగతి ఈయన ప్లాంటులో అందరికీ చెప్పుకుంటారు. "రేపు సెప్పీ. ఎంతసేపు?" అన్నారు. రేపు చెప్తానన్నాను. ఆ రేపు వచ్చింది, పోయింది. రోజులు గడిచేకొద్దీ, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారేమోనన్న భయం కూడా వచ్చి చేరింది.

ఫ్లాస్కు ఆ తర్వాత నాకు బాగా పనికొచ్చింది. అంతకుముందు అప్ప వస్తే డికాక్షన్ ఉన్నా పాలు వేడి చెయ్యాలి, పంచదార కలపాలి, ఐదు నిమిషాలు పట్టేది. ఆ ఐదు నిమిషాలూ అది గుమ్మంలో ఉంటుంది, మాట్లాడుతుంది. ఎవరైనా వింటే దాని మాటలోనే చుట్టరికం బయటపడిపోతుంది. అందుకని నేను పొద్దున్నే పాలూ పంచదారా అన్నీ ఫ్లాస్కులోనే కలిపేసి మూత బిగించేదాన్ని. మిషన్‌తో వచ్చిన కాగితంలో ఫ్లాస్కులో పాలు పోయవద్దని స్పష్టంగా రాసి ఉంది. పోస్తే వాసన పడుతుంది, కడగడానికి లోపలికి చెయ్యి పట్టదు. అయినా పోశాను. వంట సోడా వేసి, పొడుగాటి బ్రష్షుతో రోజూ తోముకున్నాను. అప్ప రాగానే గ్లాసులో వంచి చేతికివ్వడం, అంతే. అర నిమిషం పని. అది వేడిగా తాగాలని కొన్న వస్తువుని, అది తొందరగా వెళ్ళిపోవడానికి వాడుకున్నాను.

పీట కూడా ఎక్కువ రోజులు లేదు. మా అంతస్తులో మెట్ల పక్కన, కరెంటు మీటర్లున్న చోట, చిన్న సిమెంటు గట్టు ఉంది. అక్కడ గాలి బాగా వస్తుందని ఒకరోజు అన్నాను. అప్ప అక్కడ కూర్చోవడం అలవాటు చేసుకుంది. నేను ఫ్లాస్కూ, ఒక స్టీలు గ్లాసూ ఆ గట్టు మీద పెట్టేసి తయారవడానికి లోపలికి వెళ్ళేదాన్ని. వెళ్ళేముందు అది గ్లాసు కడిగి, ఫ్లాస్కు మూత బిగించి, మా గుమ్మం పక్కన పెట్టేసి "వత్తానమ్మగారూ" అని కేకేసేది. తలుపు మూసి ఉన్నా, చుట్టూ ఎవరూ లేకపోయినా అలాగే కేకేసేది. ఆ స్టీలు గ్లాసు వంటింట్లోని మిగతా గ్లాసుల్లో కలవకుండా ఫ్లాస్కు పక్కనే ఉండిపోయింది. అది ఎప్పుడు అలా వేరైపోయిందో నాకు గుర్తు లేదు. నేను వేరు చెయ్యలేదని గట్టిగా చెప్పగలిగితే బాగుండును.

ఇంతా చేస్తే నాకు దక్కింది ఏమిటో తెలుసా? మెప్పు.

ఒక ఆదివారం టీచరమ్మ అప్ప కాఫీ తాగుతుండగా చూసింది. ఫ్లాస్కు చూసింది. "చేపలమ్మే మనిషికి ఫ్లాస్కులో కాఫీ పెట్టి ఉంచుతారా మీరు!" అని నా చెయ్యి పట్టుకుంది. "ఈ రోజుల్లో ఎవరు చేస్తారండీ ఇలాగ. మీ అమ్మగారు మిమ్మల్ని బాగా పెంచారు." మా అమ్మ పెంచిన ఇంకో పిల్ల అక్కడే గట్టు మీద కూర్చుని కాఫీ ఊదుకుంటోంది. టీచరమ్మ అంతటితో ఆగలేదు. ఫోన్ తీసి అప్పని ఫొటో తీసింది. అప్ప కొంగు సర్దుకుని, ఫ్లాస్కు కూడా కనపడేలా పక్కకి జరిగి, నవ్వింది. ఆ ఫొటో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పడింది. కింద ఆవిడ రాసింది: మంచితనం ఇంకా బతికే ఉంది, మా ఎదురింటివారిని చూసి నేర్చుకోవాలి. మధ్యాహ్నంలోపు ముప్పై మంది దాకా దండాల బొమ్మలూ చప్పట్ల బొమ్మలూ పెట్టారు. నేనూ ఒక దండం బొమ్మ పెట్టాను.

టీచరమ్మకి తర్వాత ఎప్పుడో నిజం చెప్పాను. ఒక్కసారి కూర్చుని అంతా చెప్పేశాను. కానీ చెప్పాల్సింది ఆ ఆదివారం. ఆరోజు నేను చేసిన పనల్లా ఆ ఫొటోని ఎంతమంది చూశారో గంటగంటకీ తీసి చూసుకోవడం.

తర్వాత నోటీసు వచ్చింది. వచ్చిందంటే ఎక్కడినుంచో రాలేదు, నేనే రాశాను. లిఫ్టులో చేపల నీళ్ళు కారుతున్నాయని మూడో అంతస్తువాళ్ళు మీటింగులో ఫిర్యాదు చేశారు. నిజమే, కారేవి. బుట్ట కింద ఒక గోనెపట్టా వేసుకుంటే తీరిపోయే సమస్య. ఆ మాట నా నాలుక చివరదాకా వచ్చింది కూడా. అది అంటే నాకెందుకంత పట్టిందని అడుగుతారేమోనని మింగేశాను. లిఫ్టు వాడనివ్వకూడదని తీర్మానం చేశారు. నోటీసు రాయడానికి అందరూ నా వైపు చూశారు. నా దస్తూరీ బాగుంటుందని అపార్ట్‌మెంట్‌లో పేరు. వినాయకచవితి చందా కాగితం దగ్గర్నుంచి నీళ్ళ ట్యాంకు కడిగే తేదీ దాకా అన్నీ నేనే రాస్తాను. 'చేపలు, మాంసం అమ్మువారు లిఫ్టు వాడరాదు. మెట్ల మార్గమున మాత్రమే రావలెను' అని నల్ల స్కెచ్చు పెన్నుతో పెద్దక్షరాల్లో రాశాను. వాడరాదు కింద గీత కూడా గీశాను. నీట్‌గా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు వాచ్‌మన్ అప్పని కిందే ఆపాడు. నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చింది. తల మీద బుట్ట, చేతిలో కత్తిపీట సంచి. దానికి రెండేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. పైకి వచ్చి గట్టు మీద కూలబడి, చాలాసేపు ఆయాసంతో మాట్లాడలేకపోయింది. నేను కాఫీ వంచి ఇచ్చాను. ఆరోజు లోపలికి వెళ్ళిపోలేదు, అక్కడే నిలబడ్డాను. అది చేతులు కాచుకుంటూ అడిగింది.

"కింద ఏటో కాయితం అంటించినారు. ఎవురు రాసినారే అది?"

"అసోసియేషనోళ్ళు" అన్నాను.

అప్ప కాఫీ కాస్త తాగింది. "అచ్చరాలు ముత్యాల్లాగున్నాయి" అంది.

మా అప్పకి చదువు రాదు. బడి గడప తొక్కలేదు. అమ్మ మంచాన పడ్డాక పదమూడేళ్ళ వయసులో అమ్మ బుట్ట తన నెత్తికెత్తుకుంది. నన్ను బడికి పంపింది. సాయంత్రాలు నేను కాపీరాతలు రాసుకుంటుంటే, వలలు కుట్టుకుంటూ నా పక్కనే కూర్చునేది. నేను రాసిన ప్రతి పేజీ చేతిలోకి తీసుకుని చూసేది. ఏం రాశానో దానికి తెలియదు, ఎలా రాశానో చూసేది. "ఈ అచ్చరం సూడు, ఎంత సక్కగా సుట్టినావో" అనేది. పక్కింటివాళ్ళకి తీసుకెళ్ళి చూపించేది. ఎక్కడ కనపడినా అది నా రాత గుర్తుపడుతుంది. ఆ సంగతి నేను మర్చిపోయాను.

అప్ప లేచింది. గ్లాసు కడిగింది. మూత బిగించి ఫ్లాస్కు నా చేతికే ఇచ్చింది. బుట్ట ఎత్తడానికి నన్ను చెయ్యి వెయ్యమంది. ఎత్తాను. మెట్లు దిగుతూ, గోడ పట్టుకుని ఒక్కో కాలూ పెట్టుకుంటూ దిగింది. ఆరోజు "వత్తానమ్మగారూ" అని కేకెయ్యలేదు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. వేట నిషేధం రోజులు కూడా కావు, బోట్లు వెళ్తూనే ఉన్నాయి. ఫోన్ చేస్తే, "మోకాళ్ళు బాలేవే, హార్బర్ కాడే కూకుంటన్నాను, ఇక్కడే బేరం బాగున్నాది" అంది. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. మా ఇంట్లో తిట్లకి కొదవలేదు, నా చిన్నప్పుడు అప్ప నన్ను తిట్టని రోజు లేదు. తిట్టడం మానేసిందంటే నన్ను బయటిదాన్ని చేసిందన్నమాట.

నేను మాత్రం రోజూ ఐదింటికి మిషన్ పెడుతూనే ఉన్నాను. చెయ్యి దాని మానాన అదే నాలుగు గ్లాసుల నీళ్ళు పోసేది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మూత తీస్తే కాఫీ ఇంకా గోరువెచ్చగా ఉండేది, పాల వాసన కొట్టేది. సింకులో పారబోసేదాన్ని. ఒకరోజు మా ఆయన చూశారు. "ఎల్లి తీసుకురా అప్పని. ఇలాగ కాఫీ పారబోత్తే ఏటొత్తాది?" అన్నారు. ఎప్పుడూ లేనిది గట్టిగా అన్నారు. టీచరమ్మ కూడా అడిగింది, మీ చేపలావిడ రావడం లేదేమండీ, ఒంట్లో బాగుందా అని. ఆవిడ నిజంగానే కనుక్కుంది. నాకు తెలియదండీ అన్నాను.

పదకొండో రోజు ఆఫీసుకి సెలవు పెట్టాను. ఐదింటికి మిషన్ పెట్టి, పాలు కాచి, చిక్కగా కలిపి, ఫ్లాస్కు నింపుకుని హార్బర్‌కి బయలుదేరాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. తప్పయిపోయింది అప్పా, నాతో ఇంటికి రా, ఈరోజే అందరికీ చెప్పేస్తాను. ఇది చెప్పి, కాళ్ళ మీద పడాలి. దాన్ని లిఫ్టులో ఎక్కించి తీసుకొచ్చి టీచరమ్మ బెల్లు కొట్టాలి. ఇంత బాగా కూడబలుక్కున్నందుకు నా మీద నాకు కొంచెం గౌరవం కూడా వచ్చింది. ఎంత సిగ్గులేని మనిషినో చూడండి.

నేను వెళ్ళేసరికి వేలంపాటలు అయిపోయి, ఆడవాళ్ళు వరసగా చిల్లరకి కూర్చున్నారు. ఐసు ముక్కలు, పొలుసులు, కాళ్ళ కింద నీళ్ళు. నేను అక్కడికి వెళ్ళి ఎన్నేళ్ళయిందో. ఆఫీసు చెప్పులు జారుతున్నాయి. అప్ప ఒక గొడుగు కింద కూర్చుని వంజరం ముక్కలు కోస్తోంది. నన్ను అప్ప కంటే ముందు దాని పక్కనున్న మనిషి చూసింది. మా పేటావిడే, అమ్మ వయసు మనిషి. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పింది.

"ఓలమ్మో, సూడే, నీ సెల్లొచ్చీసింది!" అంది. చుట్టుపక్కల నలుగురూ తలలెత్తారు.

అప్ప తలెత్తి చూసింది. దాని మొహంలో భయం కనపడింది. ఎందుకు భయపడిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

"ఇదేనేటి ఆ కాఫీ సెంబు?" ఆ పెద్దావిడ నా చేతిలో ఫ్లాస్కు చూసి అంది. "మీ అప్ప రోజూ సెప్తాది. మా సెల్లి నన్ను సోఫా మీద కూకోబెట్టి కాఫీ ఇత్తాది, దాని ఇంట్లో నాకు ఏరే కప్పు కూడా నేదు, అది తాగిన కప్పులోనే నాకూ పోత్తాది అని. మీ మేడలో అందరూ దీన్ని అప్పా, అప్పా అంటారంట కదా? ఆ టీచరుగారైతే పక్కన కూకోబెట్టి పొటో కూడా తీసినారంట!"

ఇంకో ఆవిడ అందుకుంది. "మెట్లెక్కితే మోకాళ్ళు పోతాయి, ఇంక ఈ కట్టం వద్దప్పా అని నువ్వే మానిపించీసినావంట. సిన్నదానివైనా బుద్ధిమంతురాలివమ్మా. సదువుకున్నోళ్ళు మమ్మల్ని ఎక్కడ సూత్తారు? నువ్వు సూత్తన్నావు."

నేను అప్ప వైపు చూశాను. అది తల వంచుకుని చేప ముక్కల మీద నీళ్ళు చల్లుతోంది. చల్లినచోటే మళ్ళీ చల్లుతోంది.

కూడబలుక్కున్న మాటలన్నీ నా గొంతులోనే ఉన్నాయి. అవి అక్కడ అంటే, మా అప్ప ఇన్నాళ్ళుగా వీళ్ళ ముందు కట్టుకున్నదంతా నేను నా చేతులతో కూల్చినట్టే. అనకపోతే ఈ మెప్పు కూడా నేనే తీసుకున్నట్టు. అపార్ట్‌మెంట్‌లో దాన్ని పరాయిదాన్ని చేసి మెప్పు తీసుకున్నాను. ఇక్కడ దాన్ని నెత్తిన పెట్టుకున్నానని మెప్పు ఇస్తున్నారు. ఆ రెండింటి మధ్య నిలబడి, "అవునమ్మా" అన్నాను.

అందరికీ తలో గుక్కా కాఫీ పోశాను. ఇంత వేడిగా ఎలాగుందే అని అందరూ ఆశ్చర్యపోయారు. అప్పకి చివర్న పోశాను. అది చేతులు కాచుకోలేదు, గటగటా తాగేసి గ్లాసు కింద పెట్టింది.

ఆటో దాకా నాతో వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ పక్కన నడిచింది. గేటు దాటాక నేను ఆగాను.

"నువ్వెందుకలా సెప్పినావప్పా వాళ్ళకి?" అని అడిగాను. నా మాట నా చిన్నప్పటి మాటలాగే వచ్చింది. "నన్ను తిట్టు. నాను సేసింది తిట్టాల్సిన పనే. నా గురించి గొప్పలెందుకు సెప్పినావు?"

అప్ప రోడ్డు మీద ఆటో కోసం చూస్తూ నిలబడింది.

"మా సెల్లిని సదివిత్తన్నాను, మా సెల్లిని సదివిత్తన్నాను అని హార్బరంతా సెప్పుకుని బతికినానే" అంది. గొంతు పెంచలేదు. "ఆ సదివించిన పిల్ల ఇలాగ తయారైనాదని ఏ మొగంతో సెప్పమంటావు? నాకు సిగ్గు కాదేటే?"

ఆటో వచ్చి ఆగింది. నన్ను ఎక్కించి, ఎక్కడికెళ్ళాలో డ్రైవరుకి అప్పే చెప్పింది.